ఆడవాళ్ళు తిరిగి వచ్చిన ఊరు



మధ్యాహ్నపు వంటా, గిన్నెలూ ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళలో మీకు దూరదేశంలో వున్న ఒక చిన్న ఊరి సంగతి చెప్పాలని వచ్చాను. ఆ ఊరి పేరు లిదిత్సే. ఇంగ్లీషు అక్షరాలు చూసి మా అబ్బాయి "లిడైస్" అని చదివాడు. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. కాదట, లిదిత్సే అనాలట. చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో వుంది.

చెక్ దేశమంటే మనకేం సంబంధం అనుకోకండి. మనం చిన్నప్పుడు బడికి తొడుక్కుని వెళ్ళిన బాటా బూట్లు ఆ దేశంలో పుట్టినవే. 1894లో జ్లీన్ అనే ఊళ్ళో మొదలైన కంపెనీ అది. హైదరాబాదు పక్కన రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960లలో లేచిందంటే అందులోనూ వాళ్ళ సహకారం వుంది. అప్పట్లో ఆ దేశం పేరు చెకోస్లొవేకియా. 1993లో చెక్, స్లొవాక్ అని రెండయింది. అన్నదమ్ములు గొడవ పడకుండా వాటాలు పంచుకున్నట్టు వేరుపడ్డారు. అది ఈనాటి మన కథ కాదు లెండి.

లిదిత్సే చాలా పాత ఊరు. పద్నాలుగో శతాబ్దం నాటికే వుంది. అయితే పాతదన్న మాటేగాని చెప్పుకోదగ్గ గొప్ప ఏమీ లేదు. కోట లేదు, సంత లేదు, రాజులు బస చేసిన దాఖలా లేదు. ఒక లోయ, అడుగున చిన్న వాగు, ఒక చెరువు, ఏటవాలు మీద సెయింట్ మార్టిన్ చర్చి, ఒక బడి, సుమారు వంద ఇళ్ళు, అయిదువందల మంది జనం. అంతే ఊరు. మగవాళ్ళలో చాలామంది పక్కనున్న క్లాడ్నో పట్టణానికి వెళ్ళి బొగ్గు గనుల్లోనూ ఉక్కు కర్మాగారాల్లోనూ పనిచేసేవారు. కొందరికి సేద్యం వుండేది. షిఫ్టు పని అంటే ఆ ఇంటి ఇల్లాలికి తెలుస్తుంది ఆ పాటు. ఆయన రాత్రి షిఫ్టుకు వెళితే తెల్లారి వచ్చేసరికి వేడివేడిగా ఏదో ఒకటి పొయ్యి మీద వుండాలి. పగలు ఆయన పడుకుంటే పిల్లల్ని గోల చెయ్యనివ్వకూడదు. సింగరేణిలోనో మరో కార్ఖానాలోనో పనిచేసేవారి భార్యలకు ఇది నేను వేరే చెప్పనక్కరలేదు.

చెక్ పల్లెల్లో ఆడవాళ్ళకు ఒక ఆచారం వుండేది. అది తెలిసినప్పటినుంచీ నాకు భలే ముచ్చటగా వుంది. అక్కడ చలి ఎక్కువ కదా, కప్పుకునే బొంతల్లో, తలగడల్లో దూది బదులు బాతు ఈకలు కూరతారు. పెద్దబాతులు అనండి. ఈక అలాగే కూరితే ఈనె గుచ్చుకుంటుంది. అందుకని ఒక్కొక్క ఈకనూ చేతిలోకి తీసుకుని, ఈనె నుంచి మెత్తటి నూగును చీల్చి వేరు చెయ్యాలి. ఎంత పని! అందుకని చలికాలపు సాయంత్రాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఒకరింట్లో చేరేవారు. ఈ వేళ మీ ఇంట్లో, వచ్చేవారం మా ఇంట్లో. బల్ల మీద ఈకల గుట్ట, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, కబుర్లు, దయ్యాల కథలు, ఎవరి పెళ్ళి ఎక్కడ కుదిరిందో ఆ వివరాలు. తుమ్మితే గుట్టంతా ఎగిరిపోతుంది గనక తుమ్ము వస్తే బయటికి పరుగెత్తడమే! పెళ్ళీడుకు వచ్చిన కూతురు వున్న ఇంట్లో ఈ పని మరీ జోరుగా సాగేది. ఈకల బొంతలు అక్కడ ఆడపిల్ల సారెలో ఒక భాగం. మనం ఆవకాయ రోజుల్లో ఒకరింటికి ఒకరం వెళ్ళి ముక్కలు తుడిచిపెట్టినట్టే ఇదీను.

ఊరి చర్చి ఏ మహాత్ముడి పేరున వుంటే ఆయన పేర ఊరి పండుగ చేసుకోవడం వాళ్ళ రివాజు. సెయింట్ మార్టిన్ రోజు నవంబరు 11. చలి మొదలయ్యే రోజులు. ఆ పండుగకు పెద్దబాతు మాంసం వండుతారు. "కొలాచె" అని ఒక పిండివంట చేస్తారు. మన బొబ్బట్టులో పూర్ణం లోపల దాగి వుంటుంది. ఈ కొలాచెలో పైనే, గుండ్రటి గుంటలో కనబడుతూ వుంటుంది. గసగసాల ముద్ద ఒకదానిలో, విరిగిన పాల ముద్ద ఒకదానిలో, ప్లం పళ్ళను గంటలకొద్దీ కలియబెట్టి ఉడికించిన గుజ్జు ఒకదానిలో. ఇక ఆ పల్లెల్లో మంటలార్పే దళం అని ఒకటి వుంటుంది. ఊరి మగవాళ్ళే జీతం లేకుండా అందులో వుంటారు. ఇల్లు అంటుకుంటే ఆర్పడం వాళ్ళ పని. ఏ ఇల్లూ అంటుకోనప్పుడు నాటకాలకూ డాన్సులకూ ఏర్పాట్లు చూడడమూ వాళ్ళ పనే.

ఇంకొక సంగతి. 1920లో చెకోస్లొవేకియాలో ఒక చట్టం చేశారు. ప్రతి ఊరూ ఒక పుస్తకం పెట్టి ఆ ఊళ్ళో జరిగింది యేటా రాసి వుంచాలని. ఎండలు ఎలా కాశాయి, పంట ఏమయింది, ధరలు ఎలా వున్నాయి, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, వంతెన ఎప్పుడు కట్టారు. సాధారణంగా బడి పంతులుగారే రాసేవారు. రాజుల చరిత్ర కాకుండా పాలూ పెరుగూ చరిత్ర అన్నమాట. నాకయితే అదే అసలు చరిత్ర అనిపిస్తుంది.

ఇటువంటి ఊరి పేరు లోకమంతటా ఎందుకు మారుమోగిందో ఇప్పుడు చెబుతాను. చెప్పడానికి నోరు రాని సంగతి. చెప్పకుండా దాటేద్దామంటే తరవాత సంగతి అర్థం కాదు.

1939లో హిట్లరు సైన్యం చెక్ దేశాన్ని ఆక్రమించింది. 1941లో హైడ్రిక్ అనే నాజీ అధికారిని అక్కడికి పాలకుడుగా పంపారు. పరమ క్రూరుడు. 1942 మే 27న ప్రాగ్‌లో ఆయన కారు మీద బాంబు పడింది. ఇంగ్లండు నుంచి విమానంలో వచ్చి దిగిన చెకోస్లొవాక్ సైనికులు వేసిన బాంబు అది. జూన్ 4న ఆయన పోయాడు. ఇక చూడండి, ఎవరి మీదో ఒకరి మీద కసి తీర్చుకోవాలి.

ఆ రోజుల్లోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి పేర వచ్చిన ఉత్తరం ఆ యజమాని చేతిలో పడింది. రాసినవాడు పెళ్ళయినవాడు. ఈ అమ్మాయితో పరిచయం వదిలించుకోవడానికి, తానేదో రహస్యమైన పెద్ద పనిలో వున్నట్టు అర్థం వచ్చేలా బడాయిగా రాశాడు. యజమాని దాన్ని పోలీసులకు అందించాడు. ఆ అమ్మాయిని నిలదీస్తే లిదిత్సేలో ఒక కుటుంబం పేరు బయటికి వచ్చింది. ఆ ఇంటి అబ్బాయి ఇంగ్లండు వెళ్ళి అక్కడి విమానదళంలో చేరినవాడు. ఊరిని సోదా చేశారు. ఏమీ దొరకలేదు. బాంబు వేసినవారికీ ఈ ఊరికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ ఊరే చాలన్నారు. ఆ ఉత్తరం రాసినవాణ్నీ, ఆ అమ్మాయినీ కూడా ఆ యేడే చంపేశారు. ఒక మగవాడు ఇంట్లో తెలియకుండా నడిపిన వ్యవహారం, ఒక అబద్ధపు ఉత్తరం, దాని వెనకాల ఇంత!

జూన్ 9 రాత్రి ఊరిని చుట్టుముట్టారు. పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళందరినీ హొరాక్ వారి కమతంలోకి తోలారు. ఆడవాళ్ళనూ పిల్లలనూ మొదట ఊరి బడిలోకి, తెల్లవారుజామున లారీల్లో క్లాడ్నో తీసుకువెళ్ళి అక్కడి హైస్కూలు వ్యాయామశాలలో పెట్టారు. ఇళ్ళలోంచి పరుపులు లాక్కొచ్చి కొట్టం గోడకు ఆనించారు, తూటాలు గోడకు తగిలి వెనక్కి ఎగిరి కాల్చేవాళ్ళకే తగలకుండా. ఏ ఇల్లాళ్ళు ఎండబెట్టి, దులిపి, పక్క వేసిన పరుపులో అవి! జూన్ 10న ఆ గోడ ముందు 173 మంది మగవాళ్ళను కాల్చి చంపారు. డెబ్బయి దాటిన ఊరి చర్చి ఫాదరు కూడా తన ఊరివాళ్ళతోబాటే పోయాడు. రాత్రి షిఫ్టులో వుండి తప్పించుకున్న గని కార్మికులను తరవాత పట్టుకుని కాల్చారు.

వ్యాయామశాలలో ఆడవాళ్ళకు ఇదేమీ తెలియదు. గడ్డి మీద మూడు రోజులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు పిల్లల్ని వేరు చేశారు. మీరు రైల్లో వెళతారు, పిల్లలకు కష్టం గనక బస్సులో పంపుతాం, అక్కడ కలుసుకుంటారు అని నమ్మబలికారు. నమ్మనివాళ్ళను తుపాకి పేల్చి బెదిరించారు. తల్లులను జర్మనీలో రావెన్స్‌బ్రూక్ అనే ఆడవాళ్ళ నిర్బంధ శిబిరానికి తోలారు. పిల్లల్లో చాలామందిని పోలండులోని లోడ్జ్ పట్టణానికి చేర్చారు. జర్మన్ పిల్లలుగా పెంచడానికి పనికివస్తారనుకున్న కొద్దిమందిని ఏరుకున్నారు. మిగిలిన పిల్లలు అక్కడినుంచి చుట్టాలకు కార్డులు రాశారు. రొట్టె పంపమని, బట్టలు పంపమని. తరవాత వాళ్ళను హెల్మ్నో అనే చోటికి తీసుకువెళ్ళి, మూసిన బండిలోకి విషవాయువు వదిలి చంపారు. 82 మంది పిల్లలు. ఇంతకంటె నేను చెప్పలేను. మీరూ వినలేరు.

ఊరిని కూడా వదలలేదు. ఇళ్ళు కాల్చారు, గోడలు పేల్చారు, చర్చిని పేల్చారు. శ్మశానంలో సమాధులు తవ్వి, పోయినవాళ్ళ పళ్ళలో బంగారం కోసం వెతికారు. చెట్లు నరికారు, చెరువు పూడ్చారు, వాగుకు కూడా దారి మళ్ళించారు. ఇక్కడ ఒక ఊరు వుండేదని ఎవరికీ ఆనవాలు దొరకకూడదని వాళ్ళ పంతం. నెలల తరబడి చేశారు ఆ పని. ఒక బేరి చెట్టు మాత్రం ఎలాగో మిగిలింది.

ఆ ఊరివాడు ఒకాయన ఏదో నేరానికి జైల్లో వుండి, 1942 డిసెంబరులో విడుదలయ్యాడు. జైల్లో ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. క్రిస్మస్ పండుగకు ఇంటికి పోతున్నానని సంతోషంగా నడిచి వెళ్ళాడు. గుట్ట ఎక్కి చూస్తే లోయలో మంచు తప్ప ఏమీ లేదు. దారి తప్పానేమో అనుకున్నాడట.

మాట్లాడుతున్నది రేడియోలో గనక ఒక సంగతి చెప్పాలి. ఈ ఘోరాన్ని నాజీలు దాచలేదు. తమ రేడియోలోనే చాటించుకున్నారు. మగవాళ్ళను కాల్చాం, ఆడవాళ్ళను శిబిరానికి పంపాం, ఊరి పేరు చెరిపేశాం అని. లోకం భయపడుతుందనుకున్నారు. జరిగింది వేరు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక చిన్న పేట జూలైలోనే తన పేరు మార్చుకుని లిదిత్సే అని పెట్టుకుంది. మెక్సికోలో ఒక ఊరు పెట్టుకుంది. వెనిజులాలో ఒక పేట పెట్టుకుంది. దక్షిణ అమెరికాలో ఆడపిల్లలకు లిదిత్సే అని పేర్లు పెట్టారు. ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిల్లే అనే అమెరికన్ కవయిత్రి ఆ సంవత్సరమే రేడియో కోసం దీని మీద ఒక దీర్ఘకావ్యం రాసింది. వేల్సు దేశంలో ఒక గని కార్మికుల పల్లెలో అక్కడివాళ్ళే వేషాలు వేసి, ఇది మా ఊళ్ళో జరిగివుంటే ఎలా వుండేదో చూపిస్తూ ఒక చిత్రం తీశారు. 1943లో వచ్చింది.

ఇంగ్లండులో స్టోక్-ఆన్-ట్రెంట్ అని పింగాణీ సామాన్లకూ బొగ్గు గనులకూ పేరుపడ్డ ఊరు. అక్కడ బార్నెట్ స్ట్రాస్ అనే డాక్టరుగారు గని కార్మికులను కూడగట్టి 1942 సెప్టెంబరులో "లిదిత్సే బతుకుతుంది" అని ఉద్యమం మొదలుపెట్టారు. యుద్ధం నడుస్తోంది, తమ ఇళ్ళమీదే బాంబులు పడుతున్నాయి, ఇంట్లో తిండికి రేషను. అటువంటప్పుడు కూలి డబ్బుల్లోంచి చందాలు వేశారు. గనివాడి కష్టం గనివాడికే తెలుస్తుంది.

ఇంతవరకూ లోకం సంగతి. ఇప్పుడు ఆ ఆడవాళ్ళ దగ్గరికి వద్దాం. నాకు మొదటినుంచీ వాళ్ళ మీదే ధ్యాస.

రావెన్స్‌బ్రూక్‌లో మూడేళ్ళు వాళ్ళు వెట్టిచాకిరి చేశారు. బట్టలు కుట్టారు, నేత నేశారు. మగవాళ్ళు వేరే శిబిరంలో పని చేస్తున్నారు, పిల్లలు ఎక్కడో పెరుగుతున్నారు అనే ఆశతో ప్రాణాలు నిలుపుకున్నారు. లోకమంతటికీ తెలిసిన సంగతి వాళ్ళకు మాత్రం తెలియదు! మొత్తం 60 మంది ఆడవాళ్ళు పోయారు. 143 మంది 1945లో తిరిగి వచ్చారు. దారిలోనే చాలామందికి చెప్పారు, మీకు ఊరు లేదని. కొందరు నమ్మక, లోయ దాకా వెళ్ళి చూశారు. గడ్డి మొలిచి వుంది.

ఆ తరవాత పిల్లల కోసం వెతుకులాట. దొరికినవాళ్ళు 17 మంది. కొందరు జర్మన్ ఇళ్ళలో, జర్మన్ పేర్లతో పెరుగుతున్నారు. చిట్టచివరి పిల్లవాడు 1947లో దొరికాడు. పెద్దయ్యాక ఆ పిల్లవాడే ఆ ఊరికి మేయరయ్యాడు. దొరికారు, బాగానే వుంది. కాని వాళ్ళకు తల్లి భాష పోయింది. పదేళ్ళప్పుడు విడిపోయిన ఒక అమ్మాయి 1946లో ఇంటికి వచ్చింది. తల్లి క్షయతో ఆసుపత్రిలో వుంది. కూతురికి చెక్ రాదు, తల్లికి జర్మన్ రాదు. మధ్యలో మాట తిరగచెప్పేందుకు మరో మనిషి కావలసి వచ్చింది. "అన్నం తిన్నావా, ఎలా వున్నావు" అనే మాటకు మధ్యవర్తి! నాలుగు నెలలకు ఆ తల్లి పోయింది. ఆ అమ్మాయి మరుసటేడు నూరెంబర్గు విచారణలో సాక్ష్యం చెప్పింది. తరవాత లిదిత్సేలోనే కాపురముంది, ఊరి ఆఫీసులోనే ఉద్యోగం చేసింది, ముసలితనం వరకూ తన కథ అడిగినవాళ్ళకల్లా చెప్పింది.

ఒక సంగతి ఆలోచించండి. ఆ పిల్లల్ని పెంచిన జర్మన్ తల్లులందరూ దుష్టులేమీ కారు. కొందరు నిజమైన ప్రేమతోనే పెంచారు. పిల్లలకు వాళ్ళను వదిలి రావడమూ కష్టమే. ఒకసారి తల్లిని కోల్పోయిన పిల్లకు మళ్ళీ అమ్మ పోయినట్టే కదా. ఎవరిని తప్పుపడతాం ఇందులో? తప్పు చేసినవాడు ఎక్కడో మ్యాపు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

ప్రభుత్వం ఊరు మళ్ళీ కట్టిస్తామన్నది. 1947 జూన్‌లో పునాది రాయి వేశారు. పాత చోట కాదు. అక్కడ మగవాళ్ళ సమాధి వుంది, ఆ లోయను పచ్చిక మైదానంగా వదిలేశారు. చర్చి పునాది, కమతం పునాది మాత్రం నేల మీద గీత గీసినట్టు కనిపిస్తాయి. కాస్త దూరంలో మెరక మీద 150 కొత్త ఇళ్ళు కట్టారు. మంచి ఇళ్ళే. తోట, నీళ్ళు, అన్ని వసతులూ. ఎన్నో దేశాల నుంచి పడుచు పిల్లలు వచ్చి ఇటుకలు మోశారు.

నేను ఇక్కడే ఆగిపోతాను ఎప్పుడూ. తాళంచెవి చేతిలో పెట్టారు, సరే. భర్తా నలుగురు పిల్లలూ వున్న మనిషికి ఇప్పుడు ఒక్కర్తికి ఇన్ని గదులు. వండితే తినేవాళ్ళు లేరు. ఒక మనిషికి వండడం ఎంత కష్టమో మీలో ఒంటరిగా వుండేవాళ్ళకు తెలుసు. పొయ్యి ముట్టించబుద్ధి కాదు. పక్కింటికి వెళదామంటే పక్కింట్లోనూ అదే నిశ్శబ్దం. పరాయి ఊరి జనం ఓదార్పు చెప్పగలరు. కాని ఈ ఊళ్ళో ఓదార్చేవాళ్ళూ ఓదార్పు కావలసినవాళ్ళూ ఒక్కరే. బహుశా అందుకేనేమో నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూస్తే వేరే చెప్పనక్కరలేదు కదా. కొందరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు పుట్టారు. బడి తెరిచారు. కొందరు మెమోరియల్ దగ్గర వచ్చినవాళ్ళకు చూపిస్తూ చెప్పే పని చేశారు. తమ ఇంటి గుమ్మం వుండిన చోటికి తీసుకువెళ్ళి, రోజూ కొత్తవాళ్ళకు మొదటినుంచీ చెప్పడం! ఎంత గుండె కావాలో! ప్రతి జూన్‌లోనూ సమాధి దగ్గర చేరుతారు. ఇప్పటికీ చేరుతున్నారు.

1955లో ఆ డాక్టర్ స్ట్రాస్ పూనికతోనే కొత్త ఊరికీ పాత మైదానానికీ మధ్య గులాబి తోట వేశారు. ముప్ఫైకి పైగా దేశాల నుంచి మొక్కలు వచ్చాయి, వేలకొద్దీ. అయితే తోట అంటే నాటితే సరిపోదు కదండీ. మా ఇంటి ముందు రెండు కుండీల్లోనే గులాబికి పురుగు పట్టకుండా కాపాడలేక నేను తల పట్టుకుంటాను. 1989లో అక్కడ ప్రభుత్వం మారాక ఆ తోటను పట్టించుకునేవాళ్ళు తగ్గి, పాడుపడింది. 2001 నుంచి 2003 దాకా మళ్ళీ బాగుచేసి నాటారు. పూర్వపు ప్రభుత్వం లిదిత్సేను తన ప్రచారానికి వాడుకుందని కొందరికి ఆ పేరంటేనే విసుగు కలిగిందట. పాలకులు వాడుకుంటే ఆ పోయిన పిల్లలదా తప్పు?

పిల్లలంటే గుర్తుకు వచ్చింది. మరీ ఉఖితిలొవా అనే శిల్పి 1969లో ఒక పని తలపెట్టింది. ఆ 82 మంది పిల్లలనూ నిలువెత్తు బొమ్మలుగా చెయ్యాలని. 42 మంది ఆడపిల్లలు, 40 మంది మగపిల్లలు. సర్కారు పనిగా కాదు, తన సొంత పట్టుదలతో, తన సొమ్ము పెట్టుకుని. ఇరవై యేళ్ళు చేసింది. పెద్దపిల్ల చంటిపిల్లను దగ్గరికి తీసుకుని వున్నట్టు, చిన్నపిల్లాడు బిక్కమొహం పెట్టినట్టు. ప్లాస్టరుతో చేసినవన్నీ పూర్తయ్యాయి గాని కంచులో పోతపోయడం చూడకుండానే 1989 నవంబరులో పోయింది. ఆమె భర్త యిర్జీ హాంప్ల్ ఆ పని వదలలేదు. చందాలు పోగుచేసి, విడతలు విడతలుగా పోతపోయించి 2000 నాటికి అన్నీ నిలబెట్టాడు. భార్య మొదలుపెట్టిన పనిని భర్త పూర్తి చేసిన కథలు మనకు ఎన్ని వున్నాయి? ఆ పిల్లలంతా ఒక గుంపుగా పాత లోయకేసి చూస్తూ నిలబడి వుంటారు. చూడవచ్చినవాళ్ళు వాళ్ళ కాళ్ళ దగ్గర బొమ్మలు పెట్టి వెళతారు. 2010లో ఒక పాప బొమ్మను ఎవరో దొంగిలించారు, కంచు ఖరీదుకోసం కాబోలు. మళ్ళీ చేయించి పెట్టారు.

ఇంకో సంగతి వుంది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 2019లో చెక్ టెలివిజన్‌లో ఒక చరిత్రకారుడు ఒక మాట చెప్పాడు. ఊరు నాశనం కావడానికి కొద్ది రోజుల ముందు, అక్కడ తలదాచుకున్న ఒక యూదు స్త్రీని గురించి ఊళ్ళోవాళ్ళే పోలీసులకు చెప్పి పట్టించినట్టు పాత కాగితాల్లో కనిపించిందని. బతికి వున్న లిదిత్సేవాళ్ళు చాలా నొచ్చుకున్నారు. పెద్ద గొడవ అయింది. మెమోరియల్ అధికారిణి 2020లో పదవి వదులుకుంది. నాకు రెండు పక్షాలూ అర్థమవుతాయి. ఇంత పోగొట్టుకున్నవాళ్ళను ఇంకా ఎందుకు పొడవడం అనిపిస్తుంది. మళ్ళీ, ఆ యూదు స్త్రీ కూడా ఎవరికో తల్లో కూతురో అయివుంటుంది కదా, ఆమె పేరు ఎవరు తలుచుకుంటారు అనీ అనిపిస్తుంది. ఊరన్నాక అన్ని రకాల మనుషులూ వుంటారు. ఈకలు ఒలిచే బల్ల చుట్టూ కూర్చున్న పదిమందిలో ఒకరి నోరు మంచిది కాకపోవచ్చు. అయినా ఆ ఊరికి జరిగినది జరగవలసింది కాదు.

ఇప్పుడు లిదిత్సేలో మళ్ళీ సుమారు అయిదువందల మంది వుంటున్నారు. ప్రాగ్ దగ్గరే గనక పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కూడా అక్కడ ఇళ్ళు తీసుకుంటున్నారు. పిల్లలు సైకిళ్ళు తొక్కుతూ వుంటారు. పాత ఆడవాళ్ళ తరం దాటిపోయింది.

చివరగా మన ఇళ్ళకు సంబంధించిన సంగతి ఒకటి. ఆ ఊరి పేర పిల్లల బొమ్మల పోటీ 1967లో మొదలయింది. 1973 నుంచి అన్ని దేశాల పిల్లలకూ అవకాశం ఇచ్చారు. నాలుగేళ్ళ నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలు పంపవచ్చు. యేటా ఒక విషయం ఇస్తారు. ఎన్నో దేశాల నుంచి వేలకొద్దీ బొమ్మలు వస్తాయి. వాటిలో మన దేశపు పిల్లలవీ చాలా వుంటాయి, మనవాళ్ళకు బహుమతులూ వచ్చాయి. మా వీధిలో డ్రాయింగు నేర్పే మాస్టారు తన దగ్గరి పిల్లల చేత వేయించి పంపుతూ వుంటారు. పోయినసారి మా పక్కింటి అమ్మాయి పేరంటంలో కూర్చున్న ఆడవాళ్ళను వేసింది. పసుపు రంగు అయిపోయి సగం మందికి చీరలు ఆకుపచ్చగా వచ్చాయి. బహుమతి రాలేదు, అది వేరే సంగతి.

మీ పిల్లలు కూడా వేస్తామంటే వేయించండి. రంగు ఆరాక చుట్ట చుట్టకుండా అట్ట మధ్యలో పెట్టి పంపాలి. వెనకవైపు పిల్లల పేరూ వయసూ స్పష్టంగా రాయడం మరిచిపోకండి.